సిక్లిడ్‌కి తోడు చేప కొనేముందు

గాజువాకలో మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకు పెట్టిన కొత్తలో రెండంగుళాల ఆస్కార్ పిల్లనీ (ఇది సిక్లిడ్ అనే చేపల కుటుంబంలో పెద్ద రకం), దానికి తోడుగా నియాన్ టెట్రాలనే చిట్టి చేపలు పదీ ఒకేరోజు తెచ్చాను. దుకాణంలో రెండూ ఒకే తొట్టెలో ఉన్నాయి కదా అన్న ధైర్యం. రెండు నెలలు బాగానే గడిచింది. ఓ ఉదయం లైటు వేసేసరికి ఆరే కనిపించాయి. ఫిల్టర్ వెనకా, రాళ్ల సందుల్లోనూ వెతుకుతుంటే ఆస్కార్ అద్దం దగ్గరికి వచ్చి నిలబడింది. దాని పెదవుల మధ్య ఎర్రటి తోక ముక్క ఇంకా కదులుతోంది.

నోట్లో పట్టేదల్లా దానికి తిండే. అందుకే తోడు చేపని ఇవాళ్టి సైజు చూసి కొనకండి. బాగా మేపితే ఏడాది, ఏడాదిన్నరలో ఆస్కార్ అడుగుకు దగ్గరవుతుంది. దానికి సిల్వర్ డాలర్లు నప్పుతాయి. ఒళ్లు పళ్లెంలా వెడల్పు, పెరిగాక మింగుడుపడవు. రెండూ దక్షిణ అమెరికా నదుల చేపలే, నీళ్ల పేచీ ఉండదు. కాకపోతే అవి గుంపుగా బతికేవి, అయిదారైనా ఉండాలి. అంటే ఆరడుగుల ట్యాంకు కావాలి.

తర్వాత మీ నీళ్లు చూసుకోండి. కాచిన గిన్నెకి తెల్లటి పొర కడుతోందంటే అవి గట్టి నీళ్లు. ఎల్లో ల్యాబ్ లాంటి ఆఫ్రికా మలావి సరస్సు సిక్లిడ్‌లకి అవే ఇష్టం, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే కొలత) 8కి అటూ ఇటూ. అమెజాన్ నుంచి వచ్చిన ఏంజెల్, డిస్కస్‌లకి మెత్తటి నీళ్లు కావాలి. డిస్కస్‌కైతే 28 నుంచి 30 డిగ్రీల వేడి కూడా. మలావి చేపల్నీ అమెజాన్ చేపల్నీ ఒకే ట్యాంకులో కలపొద్దు. మన ఊళ్లో ఇంకో అలవాటుంది, బీచ్‌లో ఏరిన గవ్వలూ శంఖాలూ అందం కోసం ట్యాంకులో వేయడం. వాటి సున్నం కరిగి నీళ్లు ఇంకా గట్టిపడతాయి. ఏంజెల్ ట్యాంకులో దయచేసి వేయకండి.

ఏంజెల్ కూడా సిక్లిడ్డే, పెద్దదయ్యాక నియాన్‌లని తినేస్తుంది. అడుగున తిరిగే కోరిడోరాస్‌లు ఆరు, రమ్మీనోస్ టెట్రాలు పది దానికి మంచి జత. టైగర్ బార్బ్‌లు మాత్రం వద్దు, వేలాడే రెక్కల్ని కొరికి పీలికలు చేస్తాయి. జత కట్టిన ఏంజెల్స్‌తో ఇంకో చిక్కు. మా జంట ఫిల్టర్ గొట్టం మీద గుడ్లు పెట్టి, రెండూ వంతులవారీగా రెక్కలతో విసురుతూ కాపలా కాశాయి. మిగతా నాలుగు చేపలూ నాలుగు రోజులు పైమూలన బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి. ఆ టెన్షన్ చూడలేక మధ్యలో అద్దం ముక్క అడ్డం పెట్టాను.

నుదుటి మీద బొడిపె ఉండే ఫ్లవర్‌హార్న్ సిక్లిడ్ మహా కొట్లాటకోరు, దానికి తోడు వెతక్కండి, ఒంటరిగా ఉంచండి.

మలావి చేపల్లో ఒక్కో రకంలో మగది ఒకటి, ఆడవి మూడు నాలుగు ఉంటే కొట్లాట ఒకదాని మీదే పడదు. కొత్తది వదిలేటప్పుడు రాళ్లన్నీ తీసి వేరేగా పేర్చి, లైటు ఆర్పేయండి. పాత కాపురస్తుల హద్దులు చెదిరిపోతాయి, కొత్తది ఓ సందు చూసుకుంటుంది.

ఎంత చూసినా ఒక్కోసారి పొసగదు. తిరిగి తీసుకుంటారో లేదో కొనేముందే దుకాణంలో అడగండి. అంతేగానీ మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ లాంటి జలాశయాల్లో వదలొద్దు. ముఖ్యంగా అద్దానికి నోటితో అతుక్కునే సక్కర్ చేపని. అక్కడ అది బతికి పిల్లల్ని పెడితే మన చేపల చోటు లాక్కుంటుంది.