గుర్తింపు కవిత రాద్దాం – పాఠం 3: 'ఆశ' అనకుండా ఆశ రాయడం

పోయిన పాఠంలో ఇంట్లోవాళ్ల పేర్లు, వాళ్లు చేసే పనులు ఒక పేజీ రాయమన్నాను కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఇవాళ దాంతోనే పని. 'నేనెవరు' అంటూ మొదలయ్యే కవితలు చాలావరకు చివరి నాలుగు లైన్లలో పాడవుతాయి. అప్పటిదాకా బాగానే నడిచి, ముగింపుకి వచ్చేసరికి సూర్యోదయం, రెక్కలు, కొత్త చిగుళ్లు దిగిపోతాయి. అవి ఎవరి కవితకైనా అతుకుతాయి, అదే వాటితో గొడవ.

అమెరికాలోని లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కుర్రకారు దీన్నెలా దాటారో చూద్దాం. శాన్ డియాగోలో బారియో లోగన్ అని ఒక మెక్సికన్ పేట ఉంది. ముందు హైవే, తర్వాత 1969లో కొరొనాడో వంతెన దాన్ని చీల్చుకుంటూ పోయాయి. వంతెన కింద పార్కు ఇస్తామన్నారు. తీరా 1970 ఏప్రిల్ 22న చూస్తే, హైవే పోలీసుల ఆఫీసు కోసం బుల్డోజర్లు నేల చదును చేస్తున్నాయి. విద్యార్థులు, ఇళ్లలోని ఆడవాళ్లు, పిల్లలు వెళ్లి అడ్డంగా నిలబడ్డారు, 12 రోజులు అక్కడే ఉండి తమ పారలతోనే మొక్కలు నాటేశారు. అదే చికానో పార్క్ (చికానో అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్). 1973 నుంచి ఆ వంతెన స్తంభాల మీద బొమ్మలు వేస్తూ వచ్చారు, ఆ రోజు స్థలం పట్టుకున్న కథ కూడా అక్కడ బొమ్మగా ఉంది. చేతిలో పార ఉన్న మనిషిని గీశాక ఇంకా సూర్యుడెందుకు చెప్పండి?

ఇప్పుడు కవిత. న్యూయార్క్ ప్యూర్టోరికన్ కవి పెద్రో పియెత్రి, పాతికేళ్ల వయసులో, 1969లో యంగ్ లార్డ్స్ అనే యువజన బృందం కోసం చదివిన పొడుగాటి కవిత ఒకటుంది. అందులో హువాన్, మిగెల్, మిలాగ్రోస్, ఓల్గా, మానుయెల్ అనే ఐదు పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. వేళకు పనికి పోయి, అప్పులతోనే చచ్చిపోయే మనుషులు. అంత చీకటి కవితలోనూ చివర్లో వెలుగుంది, ఎలాగంటే రోజంతా స్పానిష్ మాట్లాడుకునే చోటొకటి చూపిస్తాడు. అక్కడ ఏం జరుగుతుందో చెబుతాడు, అంతే.

రెక్కలు అసలు వాడకూడదా? ఫావియానా రోడ్రిగ్స్ అనే చిత్రకారిణి వలసల మీద వేసిన పోస్టర్లలో మోనార్క్ సీతాకోకచిలుక ఉంటుంది. అది నిజంగానే కెనడా, అమెరికాల నుంచి మెక్సికో అడవులకు సరిహద్దు దాటి పోయే పురుగు కాబట్టి అక్కడ నప్పింది. మీరు మాత్రం దాన్ని వదిలేయండి, ఇప్పటికే బాగా అరిగిపోయింది.

అభ్యాసానికి నేను కల్పించిన లైన్లు:

నా రంగు నా గర్వం
రేపటి మీద నాకు ఆశ ఉంది

ఇందులో మనిషి లేడు. ఇలా మారుద్దాం:

అమ్మ నైట్ షిఫ్ట్ నుంచి వచ్చేలోపు
చెల్లి స్కూల్ ఫారాలు నింపేస్తా
టీచర్ మా ఇంటిపేరు తప్పు పలికితే
సరిగ్గా వచ్చేదాకా మళ్లీ అనిపిస్తా

మీ కాగితంలోంచి ఒక పేరు, ఒక పని తీసుకోండి. ఆ మనిషి రేపు పొద్దున చేయబోయే పనిని నాలుగు లైన్లలో పెట్టండి, 'ఆశ', 'కల', 'వెలుగు' నిషేధం. అమ్మానాన్నల ఉద్యోగ వీసాని బట్టి పిల్లలకు వచ్చే హెచ్-4 వీసా మీద అమెరికాలో పెరిగి, 21 నిండితే ఆ వీసా పోతుందన్న టెన్షన్‌లో ఉన్న మన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, ఆ ఫైల్లోని ఒక కాగితంతో మొదలుపెట్టండి. రాశాక పైకి చదవండి, నాలుక ఎక్కడ తడబడితే అక్కడ గీత పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ గీతల దగ్గర్నుంచే, ఒకే లైన్లో రెండు భాషలు కలపడం.