టర్బో కారు కొనేముందు నడుం వంచి కింద చూడండి

నాది రొయ్యల మేత వ్యాపారం. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట, మైపాడు వైపు చెరువులకు రోజూ తిరగాలి. పాత బండి మొరాయించడంతో నిరుడు సెకండ్ హ్యాండ్‌లో 2018 నాటి ఒక లీటరు టర్బో పెట్రోలు కారు కొన్నాను. మినీ బైపాస్ మీద నడిపి చూసినప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు ఆనించగానే సన్నగా ఈల వేస్తూ దూకింది. ఈ వయసులో ఇంత హుషారా అని మురిసిపోయి బేరం కూడా సరిగ్గా ఆడలేదు. నెల తిరగకుండానే తెలిసింది, ఆ హుషారుకు కారణం ఇంజిన్ ఆరోగ్యం కాదు, పొగలోని విషవాయువులను తగ్గించడానికి పొగ గొట్టంలో ఉండాల్సిన క్యాటలిటిక్ కన్వర్టర్ (వాడుకలో క్యాట్) లేకపోవడం.

టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే చిన్న ఫ్యాను లాంటిది. అది తిరిగేది ఇంజిన్ వదిలే పొగ ఒత్తిడితోనే. ఆ పొగ టర్బో దాటాక క్యాట్ లోపలి తేనెపట్టు లాంటి సన్నటి రంధ్రాల గుండా పోవాలి. ఆ రంధ్రాల గోడలకు పూసిన ప్లాటినం, పల్లాడియం, రోడియం అక్కడే విషవాయువుల పని పడతాయి. అడ్డుగా ఉన్న తేనెపట్టును తీసేస్తే టర్బో త్వరగా వేగం అందుకుంటుంది, ఈల పెద్దదవుతుంది. మామూలు కారులో ఈ లోపం కాస్త గరగరమనే శబ్దంగా బయటపడుతుంది. టర్బో కారులో మాత్రం సుగుణంలా కనిపించి మనల్ని పడేస్తుంది. అందుకే చెబుతున్నాను, నడిపి చూసినప్పుడు బండి మరీ బాగా లాగితే సంతోషించే ముందు అనుమానించండి.

నాకు మొదట అనుమానం వచ్చింది ముక్కు వల్ల. సిగ్నల్ దగ్గర అద్దాలు దించితే పచ్చి పెట్రోలు వాసన. పక్క సీట్లో మా ఆవిడ, "ఈ కారెక్కితే తలనొప్పి వస్తోందండీ" అని రెండు మూడు సార్లు అంది. నేను రొయ్యల మేత వాసన మీదికి నెట్టేశాను. మీరు అలా నెట్టేయకండి. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా వెనుక గొట్టం దగ్గర కళ్లు మండుతున్నాయంటే కిందికి దిగి చూడాల్సిందే.

చూడటానికి పిట్ గానీ ర్యాంప్ గానీ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కారు కిందికి దూరవద్దు. బండి పూర్తిగా చల్లారనివ్వాలి, ఆ గొట్టాలు చర్మం ఊడదీస్తాయి. మీ మోడల్‌లో క్యాట్ ఎక్కడ ఉంటుందో ముందే తెలుసుకోండి. చాలా టర్బో కార్లలో అది టర్బోను ఆనుకుని, వేడి తగలకుండా పెట్టిన రేకు వెనుక ఉంటుంది. కొన్నిటిలో నేల కింద రెండోది కూడా ఉంటుంది. అదే మోడల్ కారు తెలిసినవారి దగ్గర ఉంటే పక్కపక్కన పెట్టి చూడటం అన్నిటికన్నా సులువు.

నా బండి గుట్టు బయటపెట్టింది మా సముద్రపు గాలి. గొట్టమంతా ఉప్పుగాలికి తుప్పెక్కి ఇటుక రంగులో ఉంటే, మధ్యలో అడుగున్నర ముక్క మాత్రం కొత్త స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. రెండు చివర్లా వెల్డింగ్ అతుకులు. ఆటోనగర్‌లో నాకు అలవాటైన మెకానిక్ టార్చి వేసి చూసి, "భాయ్, మీరు క్యాట్ లేకుండా క్యాట్ ఉన్న డబ్బులు ఇచ్చారు" అన్నాడు.

అందరికీ ఇంత తేలికగా దొరకదు. పైడబ్బా అలాగే ఉంచి, లోపలి తేనెపట్టును పొడిచి తీసేసేవాళ్లున్నారు. రబ్బరు సుత్తితో తడితే ఖాళీ డబ్బా ఖంగుమంటుంది, లోపల ముక్కలైతే గలగలమంటుంది. ఖాయంగా తేలాలంటే, క్యాట్ పనితీరును కారు కంప్యూటర్‌కు చెప్పే వెనుక ఆక్సిజన్ సెన్సర్ విప్పించి ఆ రంధ్రంలోంచి ఫోనుకు తగిలించే తీగ కెమెరా పంపండి. తేనెపట్టు గళ్లు కనిపించాలి. ఆ సెన్సర్ కింద అదనంగా ఒక గొట్టపు నట్టు ఉండి, సెన్సర్ అంగుళం పైకి లేచి ఉంటే కంప్యూటర్‌ను మోసం చేయడానికే పెట్టారని అర్థం.

ఇక కంప్యూటర్ సంగతి. తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కి ఉండవచ్చు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్ గుర్తించిన లోపాలను చదివే చోటు) స్కానర్ తగిలిస్తే, క్యాట్ పని చేయనప్పుడు సాధారణంగా వచ్చే కోడ్ పీ0420. కోడ్ ఏదీ లేదంటే బండి మంచిదని కాదు, అమ్మే రోజు పొద్దున్నే చెరిపేసి ఉండవచ్చు. అందుకే స్కానర్‌లో రెడీనెస్ అనే పేజీ చూడండి, కారు తనకు తాను చేసుకునే పరీక్షల్లో ఏవి పూర్తయ్యాయో అక్కడ ఉంటుంది. అందులో క్యాటలిస్ట్ పరీక్ష ఇంకా పూర్తి కాలేదని ఉంటే, రెండు మూడు రోజులు నడిపాక మళ్లీ చూపించమని అడగండి. కంప్యూటర్ ప్రోగ్రామునే మార్చేసిన బండ్లలో ఇదీ పనికిరాదు, అక్కడ తీగ కెమెరాయే దిక్కు.

నాకు అమ్మినాయన, "పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా సార్" అన్నాడు. కాగితాన్ని చూసి నమ్మకండి. మీ ఎదురుగా, ఇంజిన్ వేడి మీద, గొట్టంలోకి ప్రోబ్ పూర్తిగా దూర్చి కొత్తగా పరీక్ష చేయించి అంకెలు చదవండి. బీఎస్-4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణం) పెట్రోలు కారు ఐడ్లింగ్‌లో, అంటే కదలకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. కాలుష్యం పరిమితి దాటిన బండిని రోడ్డు మీద నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. తీసింది ఎవరైనా, నడుపుతున్నది మీరే.

క్యాట్ ఎందుకు పోయిందన్నది తప్పకుండా తేల్చుకోండి. లోహాల కోసం దొంగ కోసుకుపోయి ఉండవచ్చు. 2021లో రోడియం బంగారం ధరకు పది రెట్లు మించింది మరి. ఎవరో కుర్రవాడు వేగం కోసం పీకించి ఉండవచ్చు. టర్బో బండిలో ఇంకో కారణం ఉంది, దానికే నేను ఎక్కువ భయపడతాను. టర్బో సీలు అరిగి ఆయిల్ పొగలోకి కారితే క్యాట్ పాడై మూసుకుపోతుంది. కొత్తది కొనలేక గొట్టం అతికించేస్తారు. అలాంటి బండికి కొత్త క్యాట్ బిగిస్తే అదీ పాడవుతుంది. ముందు ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) పైపు విప్పి లోపల ఆయిల్ మడుగు కట్టిందేమో చూడండి. పలచటి తడి ఉండటం మామూలే. టర్బో ఇరుసును వేళ్లతో అటూ ఇటూ కదిపితే రెక్కలు గోడకు తగలకూడదు. చాలాసేపు ఐడ్లింగ్‌లో ఉంచి ఒక్కసారి రేజ్ చేస్తే నీలం పొగ రాకూడదు.

నా టర్బో బాగానే ఉంది, అంతవరకు అదృష్టం. క్యాట్‌కు మాత్రం కారు ధరలో పదో వంతుకు పైగా కక్కాను. తుక్కు దుకాణంలో చవకగా ఉందని ఆశపడవద్దు, అది ఇంకొకరి కారు కింద కోసింది కావచ్చు. మీ కారు ఏ బీఎస్ ప్రమాణానిదో ఆ ప్రమాణానికి తగినదే కొనండి, కొత్త గ్యాస్కెట్లు, నట్లు కూడా వేయించండి. బిగించే ముందు డబ్బా మీద చెక్కిన నంబరును ఫోటో తీసి బిల్లుతో పాటు దాచుకోండి. నేను ఇంకో పని కూడా చేశాను, ఆ అడుగున్నర తళతళల గొట్టాన్ని ఇంటికి తెచ్చి గొడౌన్‌లో మేకుకు తగిలించాను. కారు కొంటున్నామని సలహాకు వచ్చినవారికి ముందు దాన్నే చూపిస్తున్నాను.