పీటర్స్‌బర్గ్ నగర ముద్రాచిత్రాన్ని చదవడం ఎలా

రష్యా నగరం అనగానే చాలామందికి ఉల్లిగడ్డ ఆకారంలో ఉండే రంగురంగుల గుమ్మటాలు గుర్తుకొస్తాయి. అవి మాస్కోలో 16వ శతాబ్దంలో కట్టిన సెయింట్ బాసిల్ చర్చివి. 1703లో పీటర్ చక్రవర్తి నెవా నది ఒడ్డున స్థాపించిన సెయింట్ పీటర్స్‌బర్గ్ ముద్రాచిత్రాన్ని, అంటే పలక మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసిన చిత్రాన్ని, ఆ గుమ్మటాల కోసం వెతుకుతూ చూస్తే అందులోని అసలు విషయం కంటపడదు.

ముందుగా ఆకాశానికీ కట్టడాలకూ నడుమ ఉన్న గీతను ఎడమ నుంచి కుడికి కళ్లతో అనుసరించండి. మామూలు ఇళ్లేవీ చక్రవర్తి నివాసమైన వింటర్ ప్యాలెస్ చూరు ఎత్తును మించకూడదని 1844లో నియమం పెట్టడం వల్ల ఆ గీత దాదాపు చదునుగా సాగుతుంది. దాన్ని చీల్చుకొని పైకి లేచేవి ముఖ్యంగా సూదుల్లాంటి కొన్ని శిఖరాలు. వాటి కొసలను భూతద్దంతో చూడండి. దేవదూత కనిపిస్తే అది 122.5 మీటర్ల పీటర్ అండ్ పాల్ చర్చి, ఓడ కనిపిస్తే అది నౌకాదళ కార్యాలయమైన అడ్మిరాల్టీ. ఒకటి చక్రవర్తుల సమాధులున్న చోటు, మరొకటి సముద్రం మీద ఆధిపత్యానికి గుర్తు.

తర్వాత నీటిని చూడండి. 1716లో రష్యన్ కళాకారుడు అలెక్సేయ్ జూబోవ్ చెక్కిన నగర దృశ్యంలో నెవా నిండా ఓడలే. అప్పటికి ఇంకా కట్టని భవనాలను కూడా ఆయన అందులో చేర్చారు. కాబట్టి దాన్ని ఉన్న ఊరి చిత్రంగా కాక, రాజు కోరుకున్న ఊరి చిత్రంగా చదవాలి.

రష్యన్ కళాకారిణి అన్నా ఓస్ట్రౌమోవా-లెబెదేవా (1871–1955) వుడ్‌కట్‌ల (చెక్కపలకలతో అచ్చు వేసిన చిత్రాల) దగ్గర మాత్రం తీరిగ్గా ఆగమంటాను. జపాన్ ముద్రాచిత్రాలను శ్రద్ధగా అధ్యయనం చేసిన ఆమె ఒక్కో రంగుకు ఒక్కో చెక్కపలకను చెక్కి, కొద్ది రంగులతోనే నగరాన్ని నిలబెట్టారు. కాగితాన్ని పక్క నుంచి పడే వెలుతురులో పట్టుకుంటే రెండు రంగులు కలిసే చోట ఒక పలక అచ్చు మరొకదాని అంచు మీదికి వెంట్రుకవాసి జరిగి ఉండటం కనిపించవచ్చు. మంచు ఉన్న చోట చాలాసార్లు సిరా అంటని కాగితమే ఉంటుంది. వర్తకుల కేంద్రమైన ఎక్స్ఛేంజ్ భవనపు స్తంభాల నడుమ నుంచి నెవాను చూపిన ఆమె చిత్రంలో చూపరి ఎక్కడ నిలబడ్డాడో గమనించండి. గ్రీకు దేవాలయాన్ని పోలిన ఆ కట్టడాన్ని ఫ్రెంచి వాస్తుశిల్పి తోమా ద తోమోన్ రూపొందించారు. రష్యా నదిని యూరప్ స్తంభాల సందుల్లోంచి చూడటమే ఆ నగర స్వభావమని నాకు అనిపిస్తుంది.

అంచున రాసిన ఊరి పేరును వదలొద్దు. అది 1914లో పెట్రోగ్రాడ్, 1924లో లెనిన్‌గ్రాడ్ అయింది, 1991లో పాత పేరుకు తిరిగి వచ్చింది. మన ఇళ్లలో మిగిలిన సోవియట్ కాలపు తెలుగు పుస్తకాల్లో కనిపించే లెనిన్‌గ్రాడ్ ఇదే.

చివరిగా, తేదీ జర్మన్ సైన్యం ఊరిని ముట్టడించిన 1941–44 నడుమ ఉంటే శిఖరాలను మళ్లీ చూడండి. జర్మన్ ఫిరంగులకు గురి అందకూడదని పర్వతారోహకులు అడ్మిరాల్టీ శిఖరానికి ముసుగు తొడిగారు, పీటర్ అండ్ పాల్ శిఖరపు బంగారం మీద రంగు పూశారు. ఓస్ట్రౌమోవా-లెబెదేవా ఆ ముట్టడి కాలంలోనూ ఊరు విడిచి వెళ్లలేదు. ఆ సంవత్సరాల చిత్రంలో శిఖరం నల్లగా ఉంటే దాన్ని సిరా లోపంగా లెక్కకట్టకండి.