రాద్నోతి కవితా పఠన సభను నిర్వహించే తీరు

విశాఖపట్నంలో, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో గానీ ఎవరి ఇంటి మేడ మీద గానీ, హంగేరియన్ కవి, అనువాదకుడు మిక్లోష్ రాద్నోతి మీద సభ పెట్టదలిచినవారు జీవిత విశేషాలను క్లుప్తంగా ముగించి, మిగిలిన సమయమంతా కవిత్వానికే కేటాయించాలి. ఆయన 1909లో బుడాపెస్ట్‌లో యూదు కుటుంబంలో పుట్టాడనీ, 1944లో సెర్బియాలోని బోర్ రాగి గనుల శిబిరానికి వెట్టిచాకిరీకి తరలించారనీ, ఆ నవంబరులో అబ్దా అనే ఊరి దగ్గర కాల్చి చంపారనీ చెబితే చాలు.

పఠనాన్ని అనువాదంతోనే మొదలుపెట్టండి. సైనికుల కోసం పొలాలు లాక్కుంటే దిక్కుతోచని పశుల కాపరుల సంభాషణగా సాగే, ప్రాచీన రోమన్ కవి వర్జిల్ తొమ్మిదో కాపరి గీతాన్ని రాద్నోతి 1938లో హంగేరియన్‌లోకి తెచ్చాడు. తన సొంత కాపరి గీతాలకు అక్కడే నాంది పలికాడు. తరువాత రాద్నోతి సొంత కాపరి గీతాల్లో ఏడోది చదవాలి. శిబిరంలో, చీకట్లో, అక్షరాల మీది గుర్తులు కూడా పెట్టకుండా పంక్తి కింద పంక్తి తడుముకుంటూ రాస్తున్నానని కవి భార్యతో చెప్పుకుంటాడు. అయినా ప్రాచీన ఛందస్సు ఎక్కడా తప్పదు. సభలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం. కనుక దీన్ని పద్యం చదవడం అలవాటున్నవారికే అప్పగించాలి.

చివరగా, 1946లో శవాన్ని వెలికితీసినప్పుడు కోటు జేబులో దొరికిన నోటుపుస్తకంలోని నాలుగు చిన్న కవితలను, మధ్యలో వ్యాఖ్యానం లేకుండా చదివించి, ఆ తరువాతే చర్చకు అవకాశమివ్వండి. కవితల ప్రతులను ముందురోజే అందరికీ పంచితే చర్చ బాగా నడుస్తుంది.