బెట్ట తగిలిన వరికి 13-0-45
పర్లాకిమిడి, పాతపట్నం వైపు ఎదజల్లిన (నారు నాటకుండా విత్తనం నేరుగా చల్లిన) వరి ఉన్నవాళ్లకు. మధ్యాహ్నం ఆకు చుట్టుకొని సాయంత్రానికి విచ్చుకుంటే కంగారొద్దు. తెల్లారేసరికి కూడా సూదిలా చుట్టుకునే ఉంటే బెట్ట (నీటి ఎద్దడి) గట్టిగా తగిలినట్టే, అంతదాకా రానివ్వకండి. వాన ముఖం చాటేసిందనగానే ఎకరాకు 200 లీటర్ల నీటిలో 2 కిలోల 13-0-45 (పొటాషియం నైట్రేట్, పొటాష్ ఎక్కువున్న ఎరువు) కలిపి, ఎండ తగ్గాక ఆకులు బాగా తడిసేలా పిచికారీ చేయండి. మందు మోతాదు పెంచినా, మిట్టమధ్యాహ్నం కొట్టినా ఆకు కొసలు మాడతాయి. ఆకు రంధ్రాలు మూసుకోవడానికి పొటాష్ కావాలి, అవి మూసుకుంటేనే నీరు ఆవిరవడం తగ్గేది. వాన రాకుంటే వారం పది రోజులకు మరోసారి.

బీటలిచ్చిన మడిలో యూరియా చల్లడం మాత్రం శుద్ధ దండగ. పదును లేనిదే వేరుకు అందదు. చెరువులో ఒక్క తడికే నీళ్లుంటే చిరుపొట్ట (కంకి ఇంకా లోపలే ఉండే దశ), పూత సమయానికి దాచండి. అప్పుడు ఎండితే కంకిలో తాలే మిగులుతుంది.