చెరువు నీళ్లు, కాలువ దారి: బే ఏరియాకు కొత్తగా వచ్చిన తెలుగువారికి కమ్యూనిటీ ఫౌండేషన్ల గురించి

సన్నీవేల్‌లో కాపురం పెట్టిన రెండో ఏడాది, ఉద్యోగం పోయి అద్దె కట్టలేక ఇబ్బంది పడుతున్న ఒక మిత్రుడి తరఫున, ఈ చుట్టుపక్కల ఉన్న ఒక కమ్యూనిటీ ఫౌండేషన్‌కు నేను రెండు పేజీల అర్జీ రాసి పంపాను. అంత పెద్ద నిధి ఉన్న సంస్థకు రెండు వేల డాలర్లు ఒక లెక్కా అనుకున్నాను. వారం తిరిగేసరికి మర్యాదగా జవాబు వచ్చింది. తాము వ్యక్తులకు నేరుగా డబ్బు ఇవ్వబోమని, మీ మిత్రుడు తన జిప్ కోడ్‌కు కేటాయించిన సేవాసంస్థను కలవాలని, ఆ సంస్థకు తాము గ్రాంటు ఇస్తూనే ఉన్నామని దాని సారాంశం. ఈలోగా ఆ వారంలోనే ఇంటి యజమాని తలుపుకు నోటీసు అంటించాడు.

చెరువు నిండుగా ఉందని ఎవరూ బిందెతో వెళ్లి పొలం తడుపుకోరు. తూము ఎత్తాలి, కాలువ పారాలి, ఏ మడికి ఎంత వదలాలో తెలిసిన నీరటి ఉండాలి. కమ్యూనిటీ ఫౌండేషన్ చెరువు వంటిది. దాని గ్రాంటులతో నడిచే స్థానిక సేవాసంస్థలు కాలువలు. కష్టంలో ఉన్నప్పుడు మీకు కావలసింది కాలువ చిరునామా. స్థిరపడి నలుగురికి ఇవ్వగలిగిన రోజున చెరువు సంగతి కూడా తెలిసి ఉండాలి. నేను ఈ రెంటినీ తలకిందులుగా నేర్చుకున్నాను.

ఒక ధనిక కుటుంబమో కంపెనీయో పెట్టిన ప్రైవేటు ఫౌండేషన్ వేరు, కమ్యూనిటీ ఫౌండేషన్ వేరు. రెండోది ఒక నిర్దిష్ట ప్రాంతం కోసం అనేకమంది దాతలు ఇచ్చిన సొమ్మును ఒకచోట చేర్చి, మదుపు చేసి, ఆ ప్రాంతంలోని సేవాసంస్థలకు ఏటా పంచే ప్రజా ధర్మసంస్థ. మొట్టమొదటిది 1914లో క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు స్థాపించినది. చనిపోయినవారు వీలునామాలో రాసిన షరతులు కాలం చెల్లిపోయినా ఆ సొమ్మును బిగబట్టి ఉంచడం ఆయనకు వృత్తిరీత్యా తెలిసిన బాధ. నడిచివచ్చే బాటసారుల కోసం సత్రానికి మాన్యం రాసిచ్చిన దాత పోయాక, బాటసారులూ పోయి, మాన్యం మాత్రం కౌలుదారుల చేతిలో మిగిలిన ఊళ్లు మనకూ తెలుసు కాబట్టి గాఫ్ బాధ మనకు వెంటనే అర్థమవుతుంది. అవసరాలు మారినప్పుడు సొమ్మును కొత్త అవసరానికి మళ్లించే అధికారం స్థానిక పెద్దల సంఘానికి ఉండాలన్నది ఆయన ఏర్పాటు. నేడు అమెరికాలో ఇటువంటివి తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి.

బే ఏరియాలో మీకు ఎక్కువగా వినిపించేది మౌంటెన్ వ్యూ కేంద్రంగా పనిచేసే సిలికాన్ వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్. రెండు పాత ఫౌండేషన్లు కలిసిపోయి 2007లో ఇది ఏర్పడింది. శాంటా క్లారా, శాన్ మేటియో కౌంటీలు దీని ప్రధాన క్షేత్రం. ఫ్రీమాంట్‌లో దిగినవారు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అది అలమీడా కౌంటీ. అక్కడ 1928 నాటి ఈస్ట్ బే కమ్యూనిటీ ఫౌండేషన్, 1948 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ఫౌండేషన్ పనిచేస్తాయి. కొన్ని మైళ్ల దూరంలోనే గ్రాంటులూ, సేవాసంస్థలూ, అర్హతలూ మారిపోతాయి.

కౌంటీ గీతకు ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారికి మారిన్ కౌంటీ ఉదంతం చెబుతాను. 1975లో మరణించిన బెరిల్ బక్ అనే మహిళ తన చమురు కంపెనీ షేర్లను మారిన్ కౌంటీ మేలుకోసం వినియోగించమని వీలునామా రాసి, నిర్వహణను శాన్ ఫ్రాన్సిస్కో ఫౌండేషన్‌కు అప్పగించింది. అప్పటికి ఆ షేర్ల విలువ కోటి డాలర్లకు అటూ ఇటూ. 1979లో షెల్ సంస్థ ఆ చమురు కంపెనీని కొనేయడంతో అది ఒక్కసారిగా 25 కోట్ల డాలర్లు దాటింది. మారిన్ అప్పటికే సంపన్న కౌంటీ. పక్కనే ఓక్లాండ్‌లో పేదరికం ఉంది. ఈ సొమ్ములో కొంత అటు మళ్లిస్తామని ఫౌండేషన్ కోర్టుకు వెళ్లింది. దాత మాట మీరడానికి వీల్లేదన్న పక్షమే 1986లో నెగ్గి, సొమ్ము విడిపోయి, మారిన్ కమ్యూనిటీ ఫౌండేషన్ ఏర్పడింది. ఆ ఫలితం న్యాయమని నేను ఇప్పటికీ అనుకోలేకపోతున్నాను. అయినా ఇక్కడి ధర్మనిధులకు సరిహద్దు ఎంత బలమైనదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అందుకే ఎవరికి ఫోన్ చేసినా ముందుగా జిప్ కోడ్ చెప్పండి.

శాంటా క్లారా కౌంటీలో అత్యవసర సహాయానికి జిప్ కోడ్ వారీగా పంచుకున్న సేవాసంస్థల వలయం ఒకటి ఉంది. సన్నీవేల్‌వారికి సన్నీవేల్ కమ్యూనిటీ సర్వీసెస్, కుపర్టినో వైపువారికి వెస్ట్ వ్యాలీ కమ్యూనిటీ సర్వీసెస్, మౌంటెన్ వ్యూ, లాస్ ఆల్టోస్‌వారికి కమ్యూనిటీ సర్వీసెస్ ఏజెన్సీ, శాన్ హోసేలో సేక్రెడ్ హార్ట్ కమ్యూనిటీ సర్వీస్ ఈ పని చేస్తాయి. మీది ఏదో తెలియకపోతే 211 అనే సహాయ నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు. తెలుగు దుబాసీ కావాలని అడగడానికి మొహమాటపడకండి. పెద్దవారి తరఫున మీరే మాట్లాడి వారి మాటను కుదించి చెప్పడం కంటే అది మేలు.

అద్దె సహాయం కోసం వెళ్లేటప్పుడు ఒక ఫోల్డరులో గుర్తింపు కార్డు, లీజు ప్రతి, ఎంత బాకీ ఉందో ఇంటి యజమాని ఇచ్చిన లెక్క, గత రెండు నెలల జీతం చీటీలు, ఉద్యోగం పోయి ఉంటే ఆ ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టుకోండి. కాలిఫోర్నియాలో అద్దె బాకీకి సాధారణంగా ముందు వచ్చేది మూడు రోజుల నోటీసు. ఆ కాగితం వచ్చాక వెళ్లినవారి కంటే, వచ్చే నెల అద్దె కష్టమని తెలిసిన రోజునే వెళ్లినవారికి సిబ్బంది ఎక్కువ చేయగలుగుతారు. హెచ్‌1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక దొరికే వ్యవధి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ అరవై రోజుల్లో యాభై రోజులు పరువు గురించి ఆలోచిస్తూ గడిపినవారిని నేను ఎరుగుదును.

ఇక ఇళ్ల విషయం. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవారిలో అపోహలు ఎక్కువ. తక్కువ ఆదాయంవారి కోసం ఒక భవనం లేవాలంటే నాలుగైదు చోట్ల నుంచి డబ్బు రావాలి: 1986 చట్టంతో వచ్చిన ఫెడరల్ పన్ను రాయితీ, కౌంటీ సొమ్ము, నగరం ఇచ్చే స్థలం, బ్యాంకు అప్పు. శాంటా క్లారా కౌంటీ ఓటర్లు 2016లో మెజర్ ఎ అనే ప్రతిపాదన ద్వారా 95 కోట్ల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు. అయితే ఇవన్నీ చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా స్థలానికి బయానా ఇవ్వాలి, మట్టి పరీక్ష చేయించాలి, నక్షా గీయించాలి. పూర్తవుతుందో లేదో తెలియని పనికి బ్యాంకు ముందుకు రాదు. ఈ మొదటి దశలో తక్కువ వడ్డీ అప్పుగానో గ్రాంటుగానో దిగే సొమ్ములో ఫౌండేషన్ల పాత్ర ఉంటుంది. నిర్మాణపు అప్పు మంజూరు కాగానే ఆ మొదటి అప్పు తీరి, అదే సొమ్ము మరో స్థలానికి పోతుంది. 2000లో మొదలైన హౌసింగ్ ట్రస్ట్ సిలికాన్ వ్యాలీ ఇటువంటి అప్పులు ఇచ్చే సంస్థ. శాన్ ఫ్రాన్సిస్కో ఫౌండేషన్ ముందుండి 2019లో ఆరంభించిన పార్ట్‌నర్‌షిప్ ఫర్ ది బేస్ ఫ్యూచర్ అప్పులతో పాటు, అద్దెదారుల రక్షణ వంటి విధానాల్లో నగరపాలక సంస్థలకూ తోడ్పడింది.

ఈ ఇళ్ల అర్హతను ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో శాతంగా లెక్కిస్తారు. 30, 50, 60, 80 శాతం అన్నవి తరచూ కనిపించే మెట్లు. ఇక్కడి ఆదాయాలు ఎంత ఎక్కువంటే, ఏడాదికి లక్ష డాలర్లు దాటిన నలుగురి కుటుంబం కూడా తక్కువ ఆదాయం వర్గంలోకి వస్తుంది. కాబట్టి మనకు రాదులే అని ముందే తీర్మానించుకోకుండా ఆ ఏటి పట్టిక చూడండి. దీనికి ఎదురుగా ఒక నిరాశ కూడా ఉంది. పన్ను రాయితీతో కట్టిన ఇంట్లో, కొన్ని మినహాయింపులు తప్ప, అందరూ పూర్తికాల విద్యార్థులే అయిన కుటుంబానికి చోటు ఇవ్వరు. ఎం.ఎస్. చదవడానికి వచ్చి నలుగురు కలిసి అపార్టుమెంటు వెతుక్కునే పిల్లలు ఈ దరఖాస్తుల మీద కాలం వెచ్చించవద్దు. అద్దెలో కొంత ప్రభుత్వం భరించే సెక్షన్ 8 వోచరు హెచ్‌1బి, ఎఫ్1 వీసాల వారికి వర్తించదు; పన్ను రాయితీ భవనాలకు ఫెడరల్ చట్టంలో అటువంటి వీసా షరతు లేదు, అయితే అదే భవనంలో వేరే నిధులు కలిసినప్పుడు వాటి షరతులు కలుస్తాయి. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకు వృద్ధుల అపార్టుమెంట్ల దరఖాస్తు పెట్టేవారు నిరీక్షణ జాబితా ఏళ్ల తరబడి ఉంటుందని తెలుసుకుని పెట్టాలి. ప్రాంతీయ సంస్థ నడిపే డోర్‌వే అనే పోర్టల్‌లో ఖాళీలూ లాటరీలూ ప్రకటిస్తారు. మీ పేరు పైకి జరిపిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

వలసదారుల సేవల్లో కమ్యూనిటీ ఫౌండేషన్ల సొమ్ము ఎక్కువగా న్యాయసహాయానికీ, పౌరసత్వ దరఖాస్తులకూ, ఇంగ్లీషు తరగతులకూ వెళ్తుంది. శాన్ హోసేలోని సైరెన్, ఇమ్మిగ్రేషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది బే ఏరియా వంటివి ఈ రంగంలో పేరున్నవి. దక్షిణాసియా కుటుంబాల్లో గృహహింసకు గురైనవారికి 1991 నుంచి మైత్రి, 1992 నుంచి నారిక అండగా ఉన్నాయి. భర్త వీసా మీద ఆధారపడి వచ్చిన స్త్రీలు ఈ రెండు పేర్లను ఎక్కడైనా రాసి ఉంచుకోవాలి. ప్రభుత్వమూ దాతలూ కలిసి కాలువలను ఎలా వాడుకుంటారో 2020 ఏప్రిల్‌లో స్పష్టంగా కనబడింది. కోవిడ్ కాలపు ఫెడరల్ సాయానికి అర్హత లేని, పత్రాలు లేని వలసదారుల కోసం కాలిఫోర్నియా రాష్ట్రం ఏడున్నర కోట్ల డాలర్లు కేటాయించి, మనిషికి 500 డాలర్ల చొప్పున పంచే పనిని వలసదారుల నమ్మకం పొందిన సేవాసంస్థలకే అప్పగించింది. దాతృత్వ సంస్థల కూటమి మరో అయిదు కోట్ల డాలర్ల సేకరణకు పూనుకుంది. ప్రభుత్వ కార్యాలయం గడప తొక్కడానికి భయపడేవారు తమ పేటలోని సంస్థకు వెళ్లగలిగారు.

ఆ భయం మనవారిలోనూ ఉంది. ఫుడ్ బ్యాంకులో బియ్యం తెచ్చుకుంటే గ్రీన్ కార్డు ఆగిపోతుందన్న మాట గుళ్లో, పిల్లల పుట్టినరోజు విందుల్లో తరచూ వినబడుతుంది. ధర్మసంస్థ ఇచ్చే ఆహారం ప్రభుత్వ సాయంపై ఆధారపడతారా అని చూసే పబ్లిక్ చార్జ్ లెక్కలోకి వచ్చేది కాదు. ప్రభుత్వ పథకాల సంగతి వేరు. ఆ నిబంధనలు 2019లో ఒక విధంగా, 2022లో మరో విధంగా మారాయి. అందువల్ల పథకానికి దరఖాస్తు పెట్టే ముందు, ఆ రోజుకు అమలులో ఉన్నదేమిటో న్యాయవాదినో, న్యాయశాఖ గుర్తింపు పొందిన సేవాసంస్థ ప్రతినిధినో అడగండి. ఇంటి కింద కన్సల్టెన్సీ నడిపేవారిని అడగకండి.

ఇచ్చే వైపుకు వస్తే, చెరువును గురించి ఒక ఫిర్యాదు. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ అనే ఖాతాలో దాత సొమ్ము వేసిన రోజునే పన్ను మినహాయింపు పొంది, ఎవరికి ఇవ్వాలో తరువాత తీరికగా సూచిస్తాడు. 1931లో న్యూయార్క్ కమ్యూనిటీ ట్రస్టులో మొదలైన ఈ పద్ధతి నేడు ఫౌండేషన్లలో చాలా పెద్ద భాగం. ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా ఆస్తిలో సుమారు అయిదు శాతం ఖర్చు చేయాలన్న నియమం ఉంది. ఈ ఖాతాలకు అటువంటి ఫెడరల్ నియమం లేదు. 2012లో మార్క్ జుకర్‌బర్గ్, ప్రిసిల్లా చాన్ దంపతులు సిలికాన్ వ్యాలీ ఫౌండేషన్‌కు దాదాపు 50 కోట్ల డాలర్ల విలువైన షేర్లు ఇచ్చినప్పటి నుంచీ ఈ చర్చ ఇక్కడ జోరుగా సాగుతోంది. తూము మూసి ఉన్న చెరువు ఎంత నిండితే మాత్రం దిగువ రైతుకు ఏమి ఒరుగుతుంది? ఈ ఖాతాలు తెరవవద్దని నేను చెప్పను. తెరిచినవారు ఏటా ఇంత ఖాళీ చేస్తామని ఇంట్లో ఒక మాట అనుకోండి. 2026 పన్ను సంవత్సరం నుంచి మినహాయింపులను విడివిడిగా చూపనివారు కూడా నగదు విరాళంపై 1,000 డాలర్ల వరకు, దంపతులు కలిసి దాఖలు చేస్తే 2,000 వరకు తగ్గింపు పొందవచ్చు. అయితే ఈ వెసులుబాటు ఆ ఖాతాల్లో వేసిన సొమ్ముకు లేదు, నేరుగా సేవాసంస్థకు ఇచ్చినదానికే ఉంది.

ఎవరికి ఇస్తున్నారో చూసుకోవడం సులభం. ఫెడరల్ పన్నుల శాఖ అయిన ఐ.ఆర్.ఎస్. వెబ్‌సైటులో సంస్థ పేరు వెతికి అది ఏటా దాఖలు చేసే ఫారం 990 తెరవండి. ఫౌండేషన్ల 990లో షెడ్యూల్ ఐ అనే పట్టికలో, ఆ ఏడు 5,000 డాలర్లకు మించి గ్రాంటు పొందిన సంస్థల పేర్లూ మొత్తాలూ ఉంటాయి. మీ ఊరి కాలువలు ఏవో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి జాబితా నాకు దొరకలేదు.

మనవారికి ముగ్గురు కలిస్తే సంఘం పెట్టాలనిపిస్తుంది. పెట్టే ముందు ఒక ఏడాది ఉన్న సంస్థలో పనిచేసి చూడండి. సాధారణంగా వలంటీర్లే చేసే పనిని జీతం లేకుండా చేయడానికి హెచ్‌4 వంటి వీసాలు అడ్డు కావు. జీతగాడు చేయవలసిన పనిని ఉచితంగా చేయడం మాత్రం చిక్కు తెస్తుంది. నేను శనివారాల్లో ఒక సరుకుల పంపిణీ కేంద్రంలో నిలబడుతుంటాను. ఒకనాడు ఒక పెద్దావిడ సంచిలోని గింజల పొట్లం తిప్పి తిప్పి చూసి, "ఇవి బొబ్బర్లేనా బాబూ?" అని అడిగారు. పక్కనున్న వలంటీరు నావైపు చూశాడు. బొబ్బర్లేనమ్మా, నానబెట్టి వడలు వేసుకోవచ్చు అన్నాను. ఆ వేళ సాయంత్రం అక్కడి మేనేజరు వలంటీర్ల పట్టికలో నా పేరు పక్కన భాషల గడిలో తెలుగు అని రాసుకుంది. మరుసటి ఏడు ఆ సంస్థ ఫౌండేషన్‌కు పంపిన గ్రాంటు దరఖాస్తులో, తాము సేవలందించే భాషల వరుసలో ఆ మాట కనిపించింది.