క్లయింట్ ప్రతిదానికీ ‘సరే మేడమ్’ అంటుంటే ఏం చేయాలి?

సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే పద్ధతి), గెస్టాల్ట్ (ఈ క్షణంలో ఏమనిపిస్తోందో చూసేది), సైకోడైనమిక్ (పాత అనుభవాల ప్రభావాన్ని వెతికేది) అంటూ మూడు నాలుగు పద్ధతులు కలిపి పనిచేసే కౌన్సెలర్లకు ఎప్పుడు ఏది వదిలి ఏది పట్టుకోవాలో తేల్చుకోవడమే కష్టం. చాలాసార్లు ఆ జవాబు క్లయింట్‌కీ మీకూ మధ్య జరుగుతున్న దాంట్లోనే ఉంటుంది.

మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో క్లయింట్‌కీ థెరపిస్టుకీ మధ్య ఉండే ఈ బంధాన్ని మూడు భాగాలుగా చూపించారు: దేనికోసం కూర్చున్నాం అన్న లక్ష్యం, అందుకోసం గదిలో చేస్తున్న పని, ఇద్దరి మధ్య నమ్మకం. బంధం బీటవారిందంటే ఈ మూడింట్లో ఎక్కడో తేడా వచ్చినట్టే.

అది బయటపడే తీరు రెండు రకాలని మనస్తత్వవేత్తలు జెరెమీ సఫ్రాన్, క్రిస్టఫర్ మురాన్ చెప్పారు. ఒకటి ఎదురు తిరగడం. “ఇలా మాట్లాడుకుంటే ఏమొస్తుంది?”, “మీకు పెళ్లే కాలేదు, మా బాధ మీకేం తెలుస్తుంది?” అని అడిగేస్తారు. వినడానికి ఇబ్బందే గానీ, విషయం చేతికొస్తుంది. రెండోది వెనక్కి తగ్గడం. పెద్దవాళ్లకీ డాక్టర్లకీ ఎదురు చెప్పకూడదని పెరిగిన మనవాళ్లలో ఇదే ఎక్కువ, పట్టుకోవడమూ కష్టం. మీ మాట పూర్తికాకముందే ఒప్పుకుంటారు. జవాబులు రెండు ముక్కలకు కుదించుకుపోతాయి. తన సంగతి వదిలేసి అత్తగారి గురించో మేనేజర్ గురించో చెబుతుంటారు. ఇచ్చిన హోంవర్క్ వారాల తరబడి అలాగే ఉంటుంది. వీటిలో ఒక్కటి కనిపిస్తే కంగారు లేదు. ఒకే సెషన్‌లో రెండు మూడు కనిపిస్తే ఆగాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న అబ్బాయిని తండ్రి తీసుకొచ్చారు. ఆలోచనలు రాసుకురమ్మని ఇచ్చిన షీటు మళ్లీ ఖాళీగానే వచ్చింది. “టైమ్ కుదర్లేదు మేడమ్, ఈ వారం తప్పకుండా రాస్తాను.” ఇక్కడ షీటు ఎందుకు ముఖ్యమో మళ్లీ వివరించాలనిపిస్తుంది. అదే పొరపాటు. బంధం దెబ్బతిన్నప్పుడు థెరపిస్టులు తమ పద్ధతినే ఇంకా గట్టిగా పట్టుకుంటే పరిస్థితి మరింత చెడుతుందని, డిప్రెషన్‌కి ఇచ్చే కాగ్నిటివ్ థెరపీ మీద 1996లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం గమనించింది.

కాబట్టి షీటు పక్కన పెట్టి ఇలా అనండి: “నేను దీని గురించి చెప్పినప్పుడల్లా మీరు సరే అంటున్నారు, కానీ గొంతు చిన్నదైపోతోంది. నేనే తొందరపెడుతున్నానేమో. మీకెలా ఉంది?” మీరు చూసింది, అందులో మీ వాటా, ఆపైన ఒక ప్రశ్న. అంతే. “నామీద కోపమా?” అని అడిగితే “అయ్యో, అదేం లేదు మేడమ్” అంటారు, తలుపు మూసుకుంటుంది. “ఎందుకు రాయలేదు?” అన్నది ట్యూషన్ మాస్టారి ప్రశ్న.

తర్వాత మాట్లాడకండి. పది పదిహేను సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, ఆగండి. “ఇది కూడా ఎగ్జామ్‌లాగే ఉంది మేడమ్. తప్పు రాస్తే మీరేమనుకుంటారోనని.” దీనికి వెంటనే “ఛ, ఇందులో తప్పొప్పులేం ఉండవు” అనకండి, ధైర్యం చెప్పినట్టే ఉంటుంది గానీ అతను బయటపెట్టిన మాటను కప్పేస్తుంది. “ఇక్కడ కూడా మార్కులు వేస్తున్నట్టు అనిపించిందన్నమాట. అలా అనిపించేలా చేసింది నేనే” అంటే సరిపోతుంది. ఇంట్లో నాన్నగారి దగ్గరా ఇదే భయమా అన్న ప్రశ్న మంచిదే, కానీ అప్పుడే కాదు. ముందే అడిగితే మీ వాటా తప్పించుకుంటున్నట్టు ఉంటుంది.

పద్ధతి మార్చాలా అన్నది ఇప్పుడు తేలుతుంది. తేడా పనిలో ఉంటే షీటు తీసేసి, రాయాల్సింది మాట్లాడుకుంటూ చేయండి, లేదా ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, అందులో ఎవరో ఉన్నారనుకుని వాళ్లతో మాట్లాడించే గెస్టాల్ట్ పద్ధతి ప్రయత్నించండి. తేడా లక్ష్యంలో ఉంటే, అంటే తండ్రి మళ్లీ పరీక్ష రాయించమంటుంటే, అబ్బాయి మానేద్దామనుకుంటుంటే, ఏ టెక్నిక్ తెచ్చినా దండగే; ఎవరి లక్ష్యం కోసం కూర్చున్నారో ముందు తేల్చండి. దెబ్బ నమ్మకానికే తగిలితే ఆ సెషన్‌లో కొత్త టెక్నిక్ ఏదీ వద్దు.

నమ్మకం దెబ్బతినే దారుల్లో ముఖ్యమైనది తండ్రి ఫోన్: “వాడేం చెప్పాడు మేడమ్?” మొదటి రోజే ఇద్దరినీ కూర్చోబెట్టి, ప్రాణాపాయం లాంటి సందర్భాల్లో తప్ప ఇక్కడి మాటలు బయటికి వెళ్లవని చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనూ గోప్యత హక్కు ఉంది.

చివరి ఐదు నిమిషాల్లో సెషన్ రేటింగ్ స్కేల్ ఇవ్వండి, అంటే సెషన్ ఎలా అనిపించిందో క్లయింట్ గీతల మీద గుర్తుపెట్టే చిన్న కాగితం. స్కాట్ మిల్లర్, ఆయన సహచరులు తయారుచేసిన ఇందులో పది సెంటీమీటర్ల గీతలు నాలుగు ఉంటాయి, మొత్తం 40. 36 కంటే తగ్గితే ఏం కుదరలేదో అక్కడే అడగాలి. ప్రతివారం నలభైకి నలభై వస్తుంటే మురిసిపోకండి, అదీ ‘సరే మేడమ్’ కావచ్చు.

ఆత్మహత్య ఆలోచనలు బయటపడితే ఈ చర్చంతా తర్వాత. ముందు భద్రత చూసుకోండి. సైకియాట్రిస్ట్‌ని కలిపించండి, రాత్రీపగలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇవ్వండి. క్లయింట్ పేరు చూడగానే మీకే విసుగొస్తుంటే దాన్ని సూపర్‌విజన్‌కి, అంటే మీ పనిని చర్చించే అనుభవమున్న థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

చెప్పకుండా మానేసిన క్లయింట్‌కి ఒక్క మెసేజ్ చాలు: “పోయినసారి నా మాటల్లో ఏదైనా నచ్చకపోతే, అది చెప్పడానికి కూడా రావచ్చు.” జవాబు రాలేదని తండ్రికి మాత్రం ఫోన్ చేయకండి.